టోల్ తప్పించుకుని ఇటలీ దాకా... నాన్నతో పాత రోడ్డు మీద

"అరవై యూరోలా? ఉత్తగ రోడ్డు మీద పోయినందుకేనా బిడ్డా?"

మ్యూనిక్‌లో మా వంటింటి టేబుల్ దగ్గర, నా ఫోన్‌లోకి తొంగి చూస్తూ నాన్న అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి యూరో దాదాపు వంద రూపాయలు. అంటే ఆరు వేలు. ఆ లెక్క నాన్న నోటితో చెయ్యడు, కనుబొమలతోనే చేసేస్తాడు.

అది 2025 సెప్టెంబరు. అమ్మానాన్నలు మొదటిసారి నా దగ్గరికి వచ్చారు. నేనిక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మన లైసెన్సుతో జర్మనీలో ఆర్నెల్లే నడపొచ్చు. తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండూ మళ్లీ మొదటినుంచి పాసవ్వాలి. ఆ రెండూ అయ్యాక ఓ సెకండ్ హ్యాండ్ పోలో కొన్నాను. "మీరొస్తే నేనే నడుపుకుంటూ ఇటలీ తీసుకెళ్తా" అని ఫోన్‌లో ఎప్పుడో గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి.

వెళ్లాల్సింది గార్డా సరస్సుకి. ఇటలీలో అన్నిటికన్నా పెద్ద సరస్సు అది. దాని ఉత్తరం కొసన రివా డెల్ గార్దా అనే చిన్న ఊళ్లో గది బుక్ చేశాను. మ్యూనిక్ నుంచి నాలుగు వందల కిలోమీటర్ల లోపే. మధ్యలో ఆస్ట్రియా దాటాలి. శనివారం బయల్దేరి మంగళవారం తిరిగి రావడం ప్లాను.

మూడు దేశాలు, మూడు పద్ధతులు

మనకి టోల్ అంటే ఒకటే బొమ్మ కళ్లముందుకొస్తుంది. గేటు, ఫాస్టాగ్, సంక్రాంతికి పంతంగి దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు. యూరప్‌లో అలా కాదు. దేశానికో పద్ధతి.

జర్మనీలో కార్లకి ఆటోబాన్ ఫ్రీ. విదేశీ కార్ల నుంచి ఏదో రకంగా వసూలు చేద్దామని ఒకసారి చూశారు. ఆస్ట్రియా కోర్టుకెళ్లింది, 2019 జూన్‌లో యూరోపియన్ కోర్టు కుదరదని చెప్పేసింది. అక్కడితో ఆ కథ ముగిసింది.

ఆస్ట్రియాలో గేటు ఉండదు, విన్యెట్ ఉంటుంది. మోటర్‌వే ఎక్కాలంటే ముందే కొనుక్కోవాల్సిన పాస్ అన్నమాట. కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. 2025లో ఒక రోజుకి 9.30 యూరోలు, పది రోజులకి 12.40. గేటు లేదు కదా అని ఊరికే ఎక్కేస్తే కెమెరా నంబరు చూసేస్తుంది. ఆ జరిమానా వంద యూరోలు దాటుతుంది.

అంతటితో అయిపోలేదు. ఇన్స్‌బ్రుక్ నుంచి బ్రెన్నర్ కనుమకి ఎక్కే ఏ13 మోటర్‌వేకి విన్యెట్ పనికిరాదు. దానికి విడిగా టోల్ కట్టాలి, 2025లో ఒకవైపుకి దాదాపు 12 యూరోలు. కనుమ దాటి ఇటలీలో దిగితే మళ్లీ మన పద్ధతే. గేటు దగ్గర టికెట్ తీసుకుని, దిగేచోట దూరాన్ని బట్టి కట్టాలి. మేం వెళ్లే దూరానికి పది యూరోలకు పైనే. రానూ పోనూ అన్నీ కలిపితే ఆ అరవై.

"టోల్ లేని తొవ్వ లేదా?" అన్నాడు నాన్న.

ఉంది. మోటర్‌వేలు రాకముందు జనం నడిచిన రోడ్లన్నీ అలాగే ఉన్నాయి. కాకపోతే నాలుగున్నర గంటల ప్రయాణం ఏడు గంటలు దాటుతుంది.

"మనకేం తొందర?" అన్నాడు. రిటైరైన వాళ్లతో ప్రయాణంలో ఉన్న సుఖమే ఇది.

నాన్నకి టోల్ అంటే ఎందుకు పడదంటే

నాన్న పిసినారి కాదు. ఇది చెప్పకపోతే మీరు ఆయన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు.

మా ఊరు హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద. ఇప్పుడు ఎన్‌హెచ్ 65 అంటారు, మా చిన్నప్పుడు నేషనల్ హైవే 9. రోడ్డు ఊరి మధ్యలోంచే పోయేది. రోడ్డు పక్కనే నాన్న టిఫిన్ హోటల్. పొద్దున నాలుగింటికే పొయ్యి వెలిగేది. విజయవాడ నుంచి రాత్రి బయల్దేరిన బస్సులు, లారీలు తెల్లారేసరికి ఆగేవి. నేను లెక్కలు నేర్చుకుంది స్కూల్లో కాదు, ఆ గల్లాపెట్టె దగ్గర. రెండు ఇడ్లీ, ఒక వడ, రెండు చాయ్ ఎంత?

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాలుగు లైన్ల రోడ్డు పూర్తయ్యింది. బైపాస్ ఊరికి కిలోమీటరు అవతలి నుంచి పోయింది. బండ్లు రావడం ఒక్క వారంలో ఆగిపోయింది. నాన్న రెండేళ్లు లాగి, హోటల్ మూసేశాడు. తర్వాత కిరాణా కొట్టు పెట్టాడు, మమ్మల్ని చదివించాడు, అది వేరే సంగతి. కానీ ఆ రోడ్డు మీద టోల్‌గేటు దగ్గర డబ్బులు కట్టాల్సి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "నా గిరాకీ తీస్కపోయింది సాలదా, మల్ల పైసలు గూడ ఇయ్యాల్నా?"

2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకి 200 ట్రిప్పుల ఫాస్టాగ్ ఏడాది పాస్ వచ్చింది కదా. తమ్ముడు తన కారుకి తీసుకున్నాడు. లాభమే అని ఎంత చెప్పినా నాన్న మొహంలో సంతోషం లేదు.

అందుకే టోల్ లేని దారిలో ఇటలీ అనగానే ఆయనకి ఎక్కడలేని హుషారొచ్చింది.

ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే అయిపోదు

మ్యాప్స్‌లో "టోల్స్ వద్దు" అని నొక్కితే చాలనుకున్నాను. చాలదు. విన్యెట్ రోడ్డుకి గేటుండదు, అందుకని దారిలో విన్యెట్ రోడ్డు రాదన్న నమ్మకం పెట్టుకోకూడదు. పోనీ "హైవేలు వద్దు" అని కూడా నొక్కితే జర్మనీలో ఫ్రీగా ఉన్న ఆటోబాన్ కూడా పోతుంది. కాబట్టి దారిని ముక్కలు చేసి చూసుకోవాలి. ఒక సాయంత్రం కూర్చుని ఊరు ఊరుగా గీశాను.

మొదటి ముక్క మ్యూనిక్ నుంచి గార్మిష్ వైపు ఏ95, ఫ్రీ. అక్కడినుంచి మిట్టెన్‌వాల్డ్, సరిహద్దు దాటి షార్నిట్జ్, జీఫెల్డ్, త్సిర్ల్ మీదుగా ఇన్స్‌బ్రుక్. ఇదంతా మామూలు రోడ్డే, విన్యెట్ అక్కర్లేదు. రెండో ముక్క ఇన్స్‌బ్రుక్ నుంచి బ్రెన్నర్ దాకా బీ182 అనే పాత రోడ్డు. మూడోది ఇటలీలో ఎస్ఎస్12, బొల్జానో, ట్రెంటో మీదుగా రోవెరెటో దాకా. అక్కడినుంచి సరస్సు ఎంతో దూరం లేదు.

కుఫ్‌స్టైన్ వైపు నుంచి ఇంకో దారి కూడా ఉంది. సరిహద్దు నుంచి కుఫ్‌స్టైన్ సూద్ ఎగ్జిట్ దాకా మోటర్‌వేకి 2019 డిసెంబరు నుంచి విన్యెట్ అవసరం లేదు. అక్కడ దిగి బీ171 పట్టుకుంటే ఇన్స్‌బ్రుక్ చేరొచ్చు. మాకు గార్మిష్ దారి అందంగా అనిపించి అదే ఖాయం చేశాం.

స్ప్రెడ్‌షీట్‌లో అన్నీ రాశాను. దూరం, టైము, పెట్రోలు, టాయిలెట్లు ఎక్కడ, అమ్మ పులిహోర తినడానికి ఎక్కడ ఆగాలి. ఒక్కటే చూడలేదు, మేం వెళ్లే రోజు శనివారం అని.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

జీఫెల్డ్ నుంచి త్సిర్ల్‌కి దిగే రోడ్డు 16 శాతం దాకా వాలు. బ్రేకులు ఫెయిలైన బండ్లు ఆగడానికి పక్కన కంకర పోసిన రోడ్లు కట్టారు. సెకండ్ గేర్‌లో దిగుతుంటే అమ్మ వెనక సీట్లో శ్రీశైలం ఘాట్‌లో మొక్కుకున్నట్టే మల్లన్నకి మొక్కుకుంది. నాన్న మాత్రం ఆ కంకర రోడ్లని మెచ్చుకుంటూ కూర్చున్నాడు.

ఇన్స్‌బ్రుక్ దాటి పాత బ్రెన్నర్ రోడ్డు ఎక్కిన కాసేపటికే కార్లు ఆగి ఉన్నాయి. మెరిసే జాకెట్ వేసుకున్నాయన ఒక్కో కారు దగ్గరికి వచ్చి ఏదో అడుగుతున్నాడు. మా వంతు వచ్చింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

సంగతి నాకప్పుడు అర్థమైంది. ఈ టిరోల్ రాష్ట్రంలో 2019 నుంచి ఒక నిబంధన ఉంది. సీజన్‌లో శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా, ఊళ్ల మధ్య రోడ్ల మీదుగా వేరే దేశానికి పోయే బండ్లని రానివ్వరు. ఆ ఊరివాళ్లు, ఆ ఊరికి వచ్చే అతిథులు వెళ్లొచ్చు. ఊరు దాటి పోయేవాళ్లు మాత్రం మోటర్‌వే మీదే పోవాలి.

నాన్న పక్కనుంచి మెల్లగా, "స్టైనాఖ్‌ల చాయ్ తాగనీకి పోతున్నమని చెప్పు" అన్నాడు. రెండ్రోజులుగా నా ఫోన్‌లో ఊళ్ల పేర్లు చదివి ఆయనకి అన్నీ నోటికొచ్చేశాయి.

చెప్పొచ్చు. నా జర్మన్ కూడా అంతవరకూ సరిపోతుంది. కానీ నోరు రాలేదు. "ఇటలీ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. మోటర్‌వే ఎటో చేత్తో చూపించి, మంచి ప్రయాణం కావాలని చెప్పి వెనక కారు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను బండి తిప్పాను. నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా నాన్నలకి బాగా వచ్చు.

అదృష్టం ఏంటంటే, ఇన్స్‌బ్రుక్ సూద్ నుంచి ఏ13 ఎక్కితే విన్యెట్ అక్కర్లేదు, ఆ విడి టోల్ కడితే చాలు. ఆ టోల్ 12 యూరోలు. కాసేపటికి యూరోపా వంతెన వచ్చింది. 1963లో తెరిచారు. లోయ అడుగు నుంచి 190 మీటర్ల ఎత్తు. మూడు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినా అందదు. నాన్న కిటికీలోంచి కిందికి చూసి, "దీనికైతే ఇయ్యొచ్చు" అన్నాడు. కారులో మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఆపిల్ తోటల మధ్య

బ్రెన్నర్ కనుమ దాదాపు 1,370 మీటర్ల ఎత్తులో ఉంది. 1998 దాకా ఇక్కడ పాస్‌పోర్టు తనిఖీ జరిగేది. ఇప్పుడు ఒక బోర్డు దాటితే ఇటలీ. అక్కడే మోటర్‌వే వదిలి ఎస్ఎస్12 మీదకి దిగాం.

ఇటలీలోకి వచ్చినా బోర్డులన్నీ రెండు భాషల్లో ఉన్నాయి. ఊరి పేరు ఇటాలియన్‌లో ఒకటి, జర్మన్‌లో ఇంకొకటి. బొల్జానో అన్నా బోజెన్ అన్నా ఒకటే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ప్రాంతం ఆస్ట్రియాది. ఆ తర్వాత ఇటలీకి వచ్చింది. సరిహద్దు జరిగింది కానీ జనం, భాష అక్కడే ఉండిపోయారు. "మన మునగాల, నందిగామ లెక్క" అన్నాడు నాన్న. ఒకే రోడ్డు మీద మునగాల తెలంగాణలో, నందిగామ ఆంధ్రలో. పోలిక పూర్తిగా కుదరదు కానీ ఆయనకి అర్థమైన తీరు అది.

ఫోర్తెజా దగ్గర 1830లలో ఆస్ట్రియా కట్టిన పెద్ద రాతి కోట రోడ్డు పక్కనే కనిపిస్తుంది. బొల్జానో మ్యూజియంలో ఓట్జీ ఉన్నాడు. 5,000 ఏళ్లకు పైగా మంచులో ఉండిపోయి 1991లో దొరికిన మనిషి. ఆస్ట్రియా, ఇటలీల సరిహద్దు మీద దొరికాడు. కొలిచి చూస్తే ఇటలీ వైపు వంద మీటర్ల లోపల ఉన్నాడు. ఆయన ఏ టోల్ కట్టకుండానే ఆల్ప్స్ ఎక్కాడని నేను జోకేస్తే నాన్న నవ్వలేదు, అమ్మ నవ్వింది.

బొల్జానో దాటాక లోయంతా ఆపిల్ తోటలు. సెప్టెంబరు కదా, కోతల కాలం. మోటర్‌వే మీద 130లో పోతే అదంతా ఆకుపచ్చ గీతలా ఉండేది. ఇక్కడ ట్రాక్టర్ వెనక 40లో పోతున్నాం. ట్రాలీలో ఆపిల్ డబ్బాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాం. ఒక తోట దగ్గర ఆగి ఓ సంచీడు కొన్నాం. నాన్న, ఆ రైతు ఇద్దరికీ ఒక్క మాట కలవకపోయినా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. చీకటి పడేలోపు సరస్సు చేరాం.

స్టైనాఖ్‌లో చాయ్ బదులు కాఫీ

మంగళవారం తిరుగు ప్రయాణం. ఆ రోజు నిషేధం లేదు, నిబంధనలు ఈసారి ముందే చదివాను. బ్రెన్నర్ నుంచి పాత రోడ్డులోనే దిగాం. గ్రీస్, స్టైనాఖ్, మాట్రై. కొండకీ వాగుకీ మధ్య ఇరుకు లోయలో ఊళ్లు. రోడ్డు ఇళ్ల గుమ్మాలకి ఆనుకుని పోతుంది. ఊళ్లో వేగం 50కి మించకూడదు. తలెత్తితే కొండ పక్కన స్తంభాల మీద మోటర్‌వే కనిపిస్తుంది.

స్టైనాఖ్‌లో బండి ఆపాను. శనివారం నాన్న చెప్పమన్న అబద్ధం మంగళవారం నిజమైంది. ఒక చిన్న కాఫీ హోటల్, పెద్దావిడ ఒకరు నడుపుతున్నారు. ఆ వేళకి మేం తప్ప ఎవరూ లేరు. మూడు కాఫీలు, రెండు కేకు ముక్కలు చెప్పాను.

శనివారం మమ్మల్ని ఆపి వెనక్కి పంపారని చెప్తే ఆవిడ నవ్వింది. నాన్న వెంటనే, "అడుగు బిడ్డా, గన్ని బండ్లు ఇటునుంచి పోతే ఈమెకు గిరాకీ మంచిగనే ఉంటది గదా, ఎందుకు ఆపుతున్నరట?" అన్నాడు. హోటల్ నడిపినోడి ప్రశ్న.

నేను తర్జుమా చేశాను. ఆవిడ చెప్పింది నాన్నకి తెలుగులో ఇలా చెప్పాను. నిషేధం రాకముందు సెలవు రోజుల్లో ఇదే రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి అంటుకుని నిలబడేవి. ఇంజన్ ఆపరు. అటు పక్క బేకరీకి రోడ్డు దాటి వెళ్లలేకపోయేవాళ్లు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ ఎలా వస్తుందని భయం. కాఫీకి మాత్రం ఒక్కరూ ఆగరు. ఆగితే వరసలో తమ చోటు పోతుందని.

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన హోటల్ సంగతి చెప్పమన్నాడు. చెప్పాను. బైపాస్, ఆగిపోయిన బస్సులు, మూసేసిన పొయ్యి. ఆవిడ ఏం టిఫిన్లు చేసేవారని అడిగింది. ఇడ్లీ అంటే ఏంటో చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది.

కారెక్కాక నాన్న అన్నాడు. "నాకు బండ్లు రాక తిప్పలైంది, ఆమెకు బండ్లు వచ్చి తిప్పలైంది. ఆగకుంట పోయే బండితోని ఊరికేం లాభం బిడ్డా?"

ఆ మాట నాకు పట్టుకుంది. మేం శనివారం చెయ్యబోయింది అదే మరి. 12 యూరోలు మిగుల్చుకోవడానికి ఆవిడ గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోవాలనుకున్నాం. బ్రెన్నర్ మీదుగా ఏటా 20 లక్షలకు పైగా లారీలు పోతాయి, కార్లు అంతకంటే ఎన్నో రెట్లు. పైగా గ్రీస్ దగ్గర మోటర్‌వే మీది లూగ్ వంతెన పాతబడి, కొత్తది కట్టడం కోసం 2025 జనవరి నుంచి చాలా రోజులు ఒక్కో వైపుకి ఒకే లైను. రద్దీలో నూటికి పదిమంది కిందికి దిగినా ఆ ఊళ్లు తట్టుకోలేవు.

మీరూ వెళ్లేటట్టయితే

యూరప్‌లో చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు చాలామంది ఇలాంటి ట్రిప్పులు వేస్తారు. మా అనుభవంతో నాలుగు మాటలు.

వారం మధ్యలో వెళ్లండి. శని, ఆదివారాలైతే టోల్ కట్టేసి మోటర్‌వే మీదే పోండి, లేదా పొద్దున 7 లోపే ఆ ఊళ్లు దాటండి. బయల్దేరే ముందు ఆ వారం నిబంధనలు చూసుకోండి.

అన్నీ ఎగ్గొట్టాలని పట్టు పట్టొద్దు. విన్యెట్ లేకుండా ఇన్స్‌బ్రుక్ సూద్ దాకా పాత రోడ్డులో వచ్చి, అక్కడినుంచి ఏ13 టోల్ ఒక్కటే కట్టడం మంచి మధ్యేమార్గం.

ఊళ్లలో 50, బయట ఆస్ట్రియాలో 100, ఇటలీలో 90. దాటితే జరిమానాలో మిగుల్చుకున్నదంతా పోతుంది. ఇటలీ పాత పట్టణాల మధ్యలో జెడ్‌టీఎల్ అనే బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లొద్దు. అక్కడ అనుమతి ఉన్న బండ్లకే ప్రవేశం. కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా కాగితం మీ దేశానికే వస్తుంది.

కారులో రిఫ్లెక్టివ్ జాకెట్, ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉంచుకోండి. పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టుకోండి. జర్మనీలోకి తిరిగి వచ్చేటప్పుడు 2025లో సరిహద్దులో ఆపి చూసేవారు. పెట్రోలు మోటర్‌వే బంకుల్లో కంటే ఊళ్లో చవక.

అన్నిటికన్నా ముఖ్యం, పాత రోడ్డు ఎక్కితే ఎక్కడో ఒకచోట ఆగండి. కాఫీ తాగండి, బ్రెడ్డు కొనండి. అది ఫ్రీ హైవే కాదు, ఎవరిదో వీధి.

ఇంటికొచ్చాక స్ప్రెడ్‌షీట్ మూసేముందు లెక్క చూశాను. అరవైలో పన్నెండు కట్టాం, నలభై ఎనిమిది మిగిలాయి. కాఫీలు, కేకులు, ఆపిల్స్‌కి అందులో ముప్పై అయిపోయాయి. నాన్నకి చెప్పాను.

"మిగిలినవి గూడ ఆడనే ఖర్చు పెట్టకపోతివి?" అన్నాడు.